గంట తాడు పట్టుకున్నవాడు

ఆ వానాకాలం మా ఇల్లు ఒక గంట గురించిన వాదనలో రెండు ముక్కలయింది. లేని ఊళ్ళో, లేని బురుజు మీద, నేను కల్పించిన గంట. దాన్ని కల్పించేనాటికి ఫ్యాక్టరీలో సమ్మె మాటే లేదు. ఈ ముక్క ఎవరికి చెప్పినా నమ్మరు. మా వదిన కూడా నమ్మలేదు. "నువ్వు ఏదో ముందే పసిగట్టావే" అంటుంది. నాకంత తెలివే ఉంటే ఇంకేదైనా పనికొచ్చేది పసిగట్టేదాన్ని.

మాది నలుగురి ఇల్లు. కింద నేనూ మా ఆయనా, మేడమీద అన్నయ్యా వదినా. ముగ్గురిదీ సీసాల ఫ్యాక్టరీలో పని. మా ఆయన ఫర్నేసు దగ్గర, అన్నయ్య అచ్చులు బిగించే చోట. నేను అన్నిటికన్నా చివర్లో దీపాల బల్ల ముందు కూర్చుని, వరసగా పోయే సీసాల్లో పగులున్నవి ఏరి పక్కన పడేస్తాను. వదిన ఒక్కతే తెలివైంది, బజారులో దర్జీ కొట్లో కుట్టుపనికి వెళ్తుంది.

సెలవు రోజు సాయంత్రం కింద మా బల్ల దగ్గర ఆట. పక్కింటివాళ్ళు చూసి మాకు పిచ్చి ముదిరిందనుకున్నారు. పేకలు లేవు, గళ్ళ పలక లేదు. నేనొక లోకం చెప్తాను. కోటలు, మంత్రాలు, చచ్చి లేచేవాళ్ళు, అన్నీ ఉంటాయి. మిగతా ముగ్గురూ అందులో తలా ఒక మనిషి. ఎవరేం చేస్తారో వాళ్ళే చెప్పాలి. అది కుదిరిందా బెడిసికొట్టిందా అన్నది పాచిక చెప్తుంది. ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడే మా ఆయన అందులో కొండడనే రాక్షసుడు. ఎవరి అగ్గిపెట్టె కూడా అడక్కుండా ముట్టుకోని మా అన్నయ్య పిల్లి అనే దొంగ. వదిన మందులమ్మ. ఇరవై ముఖాల పాచికని మా ఆయనే ఫర్నేసు గాజుతో పోసి అరగదీశాడు. అందులో ఒక ముఖం బరువనీ, అందుకే కొండడికి అన్నీ కలిసొస్తున్నాయనీ అన్నయ్య ఏళ్ళ తరబడి పోరుతూనే ఉన్నాడు.

ఆటలో మాకొక పద్ధతి ఉంది. ఇద్దరి మధ్య పెద్ద విషయంలో పేచీ వస్తే పాచిక వెయ్యం. వైపులు మార్చుకుంటారు. వాడి మాట నువ్వు చెప్పాలి, నీ మాట వాడు చెప్పాలి. మొక్కుబడిగా కాదు, మనసుపెట్టి. అవతలివాడు "అవును, ఇదే నా మాట" అనేదాకా ఆపకూడదు. పద్ధతి పెట్టింది అన్నయ్యే. అది వచ్చాక ఇంట్లో తలుపులు ధడాలున వేసుకోవడం తగ్గిందని వదిన మెచ్చుకునేది. కానీ అలా చెప్పిన మాటకి విలువేమిటన్నది మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. అన్నయ్యకి అది బుర్రతో చేసే సాము. మా ఆయనకి మాత్రం అలా చెప్పిన ప్రతి మాటా ఒట్టేసి చెప్పినట్టే. ఈ తేడా ఆ వానాకాలం వచ్చేదాకా మాలో ఎవరికీ తెలియదు.

ఇక నా గంట. ఒక ఊరి కింద పాతకాలపు శవాలు నిద్రపోతుంటాయి. బురుజు మీద గంట మోగినంతకాలం అవి లేవవు. గంట కొట్టేవాళ్ళు మాత్రం కొట్టినప్పుడల్లా ఒక మొహం మర్చిపోతారు. ముందు దూరపువాళ్ళ మొహాలు పోతాయి, తర్వాత స్నేహితులవి, ఆఖరికి కన్నతల్లిది. ఊరికి వాళ్ళ పేర్లు కూడా తెలియవు. ఒకరోజు వాళ్ళు బురుజు తలుపు మూసుకుని, దారినపోతున్న కొండణ్ణీ పిల్లినీ మందులమ్మనీ పిలిచి, గంట పగలగొట్టిపెట్టమని బతిమాలారు. ఊరివాళ్ళేమో వాళ్ళచేత ఎలాగైనా కొట్టించమని కాళ్ళు పట్టుకున్నారు. పగలగొట్టాలని పిల్లి, కూడదని కొండడు. నేను మాత్రం ఎప్పటిలాగే, "మీరే తేల్చుకోండి" అని కాళ్ళు పైకి పెట్టుకు కూర్చున్నాను.

వాళ్ళు తేల్చుకునేలోపే సమ్మె వచ్చింది. ఫర్నేసు వేడిలో పనిచేసేవాళ్ళకి మధ్యమధ్యలో చల్లగాలికి వెళ్ళే విరామం ఉండేది. అది తీసేశారు. తీసేసిన కొన్నాళ్ళకే ఒక మనిషి కళ్ళు తిరిగి మిషను మీద పడ్డాడు. చెయ్యి మోచేతి దాకా పోయింది. మర్నాడు అందరం బయటికి వచ్చేశాం. కమిటీకి అన్నయ్య పెద్ద.

గాజు ఫర్నేసుని వంటింటి పొయ్యిలా ఆర్పి వెలిగించడం కుదరదు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి మండాల్సిందే. చల్లారితే లోపలి గాజు బండలా గడ్డకడుతుంది, ఇటుకలు పగులుతాయి, మొత్తం పడగొట్టి కట్టుకోవాలి. అందుకని కమిటీయే ఫర్నేసువాళ్ళని లోపలికి పంపింది. సీసాలు చెయ్యరు, నిప్పు మాత్రం కాచుకుంటారు. మేమంతా గేటు దగ్గర గొడుగుల కింద నానిపోతుంటే మా ఆయన ఒక్కడే పొడిబట్టలతో ఇంటికి వచ్చేవాడు. మొదట్లో దాని మీద జోకులు వేసుకున్నాం.

వారాలు గడిచాయి. ఓనరు పలకలేదు, ఉలకలేదు. వాన ఆగలేదు. జోకులు ఆగిపోయాయి. చివరికి కమిటీ తేల్చేసింది. ఫలానా రోజు పొద్దున ఫర్నేసువాళ్ళు కూడా బయటికి వచ్చేస్తారు. విరామం ఇస్తే నిప్పు ఉంటుంది, లేకపోతే ఆరుతుంది.

ఆ మాట అన్నయ్య గేటు దగ్గర మైకులో చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆ కబురు తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

మా ఆయన చొక్కా ఆరేస్తూ నాతో అన్నాడు. "చల్లారితే అది మళ్ళీ లేవదు."

"అంతదాకా ఓనరు రానిస్తాడేమిటండీ?"

"ఆయనకి కావాల్సింది అదేనేమో. ఫర్నేసు పాతదైపోయింది. మూసేద్దామంటే సాకు దొరకట్లేదు. మన చేతులతో మనమే ఇస్తున్నాం."

"ఆ ముక్క అన్నయ్యతో చెప్పండి."

"చెప్తే భయపడుతున్నావంటాడు." చొక్కా ముడతలు సాగదీసి, "భయమే మరి" అన్నాడు.

మెట్ల దగ్గర అన్నయ్య నన్ను ఆపాడు. "బావ ఏమంటున్నాడు?"

"నువ్వే అడగొచ్చుగా."

"అడిగితే నేల చూస్తాడు. చెయ్యి పోయినవాడి పెళ్ళాం రోజూ గేటు దగ్గరికి వస్తోందే చెల్లీ. ఏమీ అడగదు, నిలబడుతుంది అంతే. ఆవిడకి ఏం చెప్పను? మీ ఆయన చేతిని తిన్న ఫర్నేసుని మేమే దగ్గరుండి ఆరిపోకుండా కాపాడుతున్నాం అని చెప్పనా? ఓనరు దిగొస్తాడు. అంత ఆస్తిని కళ్ళముందు చావనివ్వడు."

ఇద్దరి మాటలూ నాకు నిజమే అనిపించాయి. అదే నా రోగం. కథ చెప్పేదానికి అది మంచి గుణమే, ఇంట్లో ఉండేదానికి కాదు.

మర్నాడు పొద్దున ఫర్నేసు వదిలెయ్యాలి. ఆ సాయంత్రం ఆట రోజు. వదిన వద్దంది. "ఇవాళొద్దు. ఎవరి మొహాలూ బాగాలేవు."

"ఉండనీవే. కాసేపైనా ఇంకోదాని గురించి ఆలోచిద్దాం" అన్నాడు అన్నయ్య.

బల్ల చుట్టూ కూర్చున్నాం. గంట దగ్గర ఆగాం కాబట్టి గంట దగ్గరే మొదలుపెట్టాలి. పిల్లి పగలగొడదామన్నాడు, కొండడు వద్దన్నాడు. పద్ధతి ప్రకారం వైపులు మార్చుకోమన్నాను. ముందు అన్నయ్య వంతు. ఊరి తరఫున, అంటే మా ఆయన తరఫున, గంట ఆగకూడదని చెప్పాలి.

గొంతు సవరించుకున్నాడు. నెలరోజులుగా మైకులో అరిచిన గొంతు అది, బొంగురుపోయింది. మెల్లిగా మొదలుపెట్టాడు.

"మీరు తాడు వదిలేస్తే ఊరు దిగొస్తుందనుకుంటున్నారు. దిగిరాదు. కోటలో ఉన్నాయనకి గుర్రాలున్నాయి, ఎక్కి పోతాడు. కిందనుంచి లేచినవాళ్ళు ముందు ఎవరి గుమ్మం తొక్కుతారు? బురుజు పక్కన కాపురాలున్న మీ గుమ్మమే. ఆగిన గంటని మళ్ళీ మోగించడం ఎవరివల్లా కాదు. కోపంలో చేసిన పనిని కోపం తగ్గాక సరిచేసుకోగలగాలి. ఇది సరిచేసుకునేది కాదు. రేపు మీ పిల్లలు వచ్చి అడుగుతారు, ఇక్కడేదో మోగేదట కదా అని. మనమే ఆపేశామని చెప్పాలి. ఎందుకాపారంటే, వాడెవడో భయపడతాడనుకున్నాం అని చెప్పాలి."

వదిన పాచిక వంక చూస్తూ ఉండిపోయింది. మా అన్నయ్య అంత బాగా గేటు దగ్గర కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

మా ఆయన కళ్ళు తడిశాయి. "అవును. ఇదే నా మాట" అన్నాడు.

తర్వాత ఆయన వంతు. గంట కొట్టేవాళ్ళ తరఫున, అంటే అన్నయ్య తరఫున. "వాళ్ళకి తల్లి మొహం కూడా గుర్తులేదు" అన్నాడు. "వాళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు." అన్నయ్య వంక చూశాడు. "అంతే. అది చాలదా?"

బయట కమిటీవాళ్ళు వచ్చి పిలుస్తున్నారు. అన్నయ్య చెప్పులేసుకుంటూ, "సర్లే బావా, అదే నా మాట. తేల్చెయ్, ఏం చేస్తాడు కొండడు?" అన్నాడు.

"కొండడు పగలగొట్టడు. వాళ్ళచేత కొట్టించడు" అన్నాడు మా ఆయన. "వాళ్ళందర్నీ ఇళ్ళకి పంపేసి తాడు తనే పట్టుకుంటాడు. పోతే తన జ్ఞాపకాలే పోతాయి."

వదిన చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ళ ఆటలో అంత గొప్ప ఎత్తు ఎవరూ వెయ్యలేదని నేనూ అన్నాను. అన్నయ్య మాత్రం గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"ఒక్కడు పట్టుకున్నా తాడు తాడే బావా" అని వెళ్ళిపోయాడు.

పొద్దున నేను లేచేసరికి మా ఆయన పక్కలో లేడు. ముందే గేటు దగ్గరికి వెళ్ళి ఉంటాడనుకున్నాను. వాన జోరుగా ఉంది. గేటు ముందు జనం మామూలుకన్నా ఎక్కువున్నారు. ఫ్యాక్టరీ కూత వేసే వేళకి లోపలున్న ఫర్నేసువాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఈలలు, చప్పట్లు. చెయ్యి పోయినవాడి భార్య కూడా చప్పట్లు కొట్టడం చూశాను.

అన్నయ్య ముందు వచ్చినవాణ్ణి వాటేసుకున్నాడు. పొడుగ్గా ఉంటాడు, మా ఆయనతోనే పని. అతను నవ్వుతూ, అందరికీ వినపడేలాగే అన్నాడు. "బర్నర్లు అప్పజెప్పే వచ్చాం. మీ బావ చూసుకుంటానన్నాడు."

"ఏ బావ?"

"మీ చెల్లెలి మొగుడు. వెనక గేటునుంచి వచ్చాడు. మీరంతా వెళ్ళండి, నిప్పు నేనొక్కణ్ణీ చూస్తానన్నాడు. ఎవరు పంపారంటే బావే చెప్పాడన్నాడు. నువ్వే చెప్పావటగా?"

చప్పట్లు ఆగిపోయాయి. నేను పొగగొట్టం వైపు చూశాను. పొగ ఎప్పటిలాగే లావుగా, తిన్నగా, వానలోంచి పైకి పోతోంది. తర్వాత అందరూ దానివైపే చూశారు, తర్వాత అన్నయ్య వైపు చూశారు.

"నేను చెప్పలేదు" అన్నాడు అన్నయ్య.

"ఆయన ఒట్టేసి చెప్పాడు" అన్నాడు ఆ పొడుగాయన. అతనికింకా విషయం తలకెక్కలేదు.

అన్నయ్య ఏమని చెప్తాడు? నేనొక దొంగవేషంలో ఉన్నాను, లేని ఊరి గురించి మాట్లాడాను, మా ఇంట్లో అదొక పద్ధతి అని అంతమందికి ఎలా చెప్తాడు? రెయిన్‌కోటు గుండీ పెట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చెయ్యి పోయినవాడి భార్య కొంగు తలమీద సరిచేసుకుని ఇంటిదారి పట్టింది. ఆవిడ వెళ్ళిపోవడం చూశాకే నాకు ఏడుపు వచ్చింది.

మిగతాదంతా చకచకా జరిగిపోయింది. మా ఆయన లోపలే తింటూ, లోపలే కునుకు తీస్తూ నిప్పు కాచాడు. ఫర్నేసు బతికి ఉందని తెలిశాక ఓనరు ఎక్కణ్ణుంచో వ్యానుల్లో మనుషుల్ని దింపాడు. ఆ నిప్పు మీదే వాళ్ళు సీసాలు తీశారు. మనవాళ్ళు ఇద్దరిద్దరుగా తలలు వంచుకుని లోపలికి పోవడం మొదలుపెట్టారు. విరామం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కంపెనీ అన్నయ్యని తీసేసింది. కమిటీ కూడా తీసేసింది. ఓనరుతో లోపాయికారీగా కలిసిపోయి సొంత బావని లోపల పెట్టుకున్నాడని ఊరంతా అనుకుంది.

కొత్తవాళ్ళకి పని పట్టుబడ్డాక మా ఆయన ఇంటికి వచ్చాడు. కనుబొమ్మలు కాలి ఉన్నాయి. మనిషి సగమయ్యాడు. అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"నేను పంపానని చెప్పావా బావా?"

"నువ్వన్నదే చెప్పాను."

"అది ఆట."

"ఆటలో నువ్వెప్పుడైనా అబద్ధమాడావా?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"అది నీ మాట బావా. నీ మాట నీకు అప్పజెప్పాను."

"అంత బాగా చెప్పావుగా. నా మాట నాకే అంత బాగా తెలీదు. నువ్వు కూడా అదే అనుకుంటున్నావనీ, నలుగురిలో అనలేక ఇక్కడ అన్నావనీ అనుకున్నాను."

"నీ బాధ నాకు అర్థమైందని చెప్పాను. ఒప్పుకున్నానని చెప్పలేదు."

"నాకు ఆ రెంటికీ తేడా తెలీదు బావా" అన్నాడు మా ఆయన.

వదిన లేచి వంటింట్లోకి వచ్చేసింది. నా భుజం పట్టుకుని, "మీ అన్నయ్య నిజంగా ఏమనుకున్నారో నాక్కూడా తెలీట్లేదే. ఆ రోజు చెప్తుంటే నేనూ నమ్మాను" అంది. అవతల గదిలో అన్నయ్య గొంతు లేచింది, "నిప్పే చూస్తానన్నావుగా, మరి సీసాలు చేసిందెవరు? నీ నిప్పు మీద చేసిందెవరు?" ఆ రోజు మా ఇంట్లో చాలా రోజుల తర్వాత తలుపు ధడాలుమంది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. వదిన పుట్టింటివాళ్ళ ఊళ్ళో ఏదో వర్క్‌షాపులో పని దొరికింది. సామాను లారీకెక్కింది. వదిన ముందు సీట్లో కూర్చుంది. నన్ను పట్టుకుని ఏడవడం అప్పటికే అయిపోయింది కాబట్టి ఇక ఇటు చూడలేదు. మా ఆయన లోపల బల్ల దగ్గర కూర్చున్నాడు. బయటికి రమ్మని నేను పిలవలేదు. లోపలికి వస్తానని అన్నయ్య అనలేదు.

మెట్ల మీద అన్నయ్య ఆగాడు. "ఒక్కటడుగుతాను, తప్పించుకోకు. నువ్వెప్పుడూ కథ చెప్తావు, ఏ వైపూ ఉండవు. ఇప్పుడు చెప్పు. ఎవరి వైపున్నావు?"

తలుపు తెరిచే ఉంది. గొంతు తగ్గించి చెప్పొచ్చు. తగ్గించలేదు.

"నీ వైపే అన్నయ్యా."

సంతోషిస్తాడనుకున్నాను. నా తలమీద చెయ్యి వేసి, "లోపలికి పో, జల్లు పడుతోంది" అన్నాడు. లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

లోపలికి వచ్చి కంచం పెట్టాను. మా ఆయన చేతులు కడుక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నం షిఫ్టుకి టైమవుతోంది.

"విన్నాను" అన్నాడు.

"వినాలనే అన్నాను."

నాలుగు ముద్దలు తిన్నాడు. "నేను వెళ్ళకపోయుంటే ఫర్నేసు చచ్చిపోయేది."

"చచ్చిపోయేది."

"అందరం రోడ్డున పడేవాళ్ళం."

"పడేవాళ్ళమేమో. లేకపోతే ఓనరు దిగొచ్చేవాడేమో. ఇక ఎప్పటికీ తెలీదు."

"మరి?"

"అయినా నేను మా అన్నయ్య వైపేనండీ."

ఆయన తలూపాడు. కోప్పడలేదు. ఆ కాలిన కనుబొమ్మల కింద కళ్ళు చూస్తే నాకు గుండె తరుక్కుపోయింది. అలాగని అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. కంచం ఖాళీ అవుతుంటే, ఇంకాస్త వడ్డించనా అని అడిగాను. వడ్డించమన్నాడు.